ఇరవై నాలుగేళ్ళ ఓర్పు ఒక మధ్యాహ్నం తప్పిపోయినప్పుడు

పాత వరంగల్ జిల్లాలోని ఒక పట్టణం నుంచి ఒక ఉపాధ్యాయిని రాసిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ బయటపెట్టవద్దని కోరారు కాబట్టి ఎనిమిది పేజీల ఉత్తరంలోని సారాన్ని మాత్రమే ఇక్కడ ఇస్తున్నాను.

ఆమె వయసు 49. ఒక ప్రైవేటు పాఠశాలలో 24 ఏళ్ళుగా నర్సరీ, ఎల్‌కేజీ పిల్లలకు చెబుతున్నారు. ప్రస్తుతం ఆమె ఎల్‌కేజీ సెక్షన్‌లో 34 మంది పిల్లలున్నారు. మూడు సెక్షన్లకూ కలిపి ఉన్నది ఒక్క ఆయమ్మ. ఆమె తరగతిలో బెత్తం లేదు, నోటి మీద వేలు పెట్టించడం లేదు. పొద్దున గుమ్మం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్క బిడ్డనూ పేరుతో పిలిచి లోపలికి తీసుకువెళ్ళడం, ఏడ్చే బిడ్డను కిటికీ పక్కన కూర్చోబెట్టుకుని ఏడుపు దానంతటది తగ్గేవరకూ ఆగడం ఆమె పద్ధతి. తమ పిల్లల్ని ఆమె సెక్షన్‌లోనే వేయమని ఏటా తల్లిదండ్రులు అడిగేవారట.

ఈ జూన్‌లో నాలుగేళ్ళ బాబు ఒకడు చేరాడు. వాళ్ళది ఒక తండా. పిల్లవాడి చదువు కోసమే టౌనుకు వచ్చారు. తండ్రి ట్రాలీ ఆటో నడుపుతాడు, తల్లి బట్టల దుకాణంలో పనిచేస్తుంది. ఇంట్లో మాట్లాడేది లంబాడీ. చేరిన వారం నుంచే తోయడం, కొరకడం, గంట మోగగానే గేటు వైపు పరుగెత్తడం మొదలైంది. సెప్టెంబరులో ఒక పాప చెంప మీద పళ్ళ గుర్తులు పడ్డాయి. ఆ ఫొటో తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులోకి వెళ్ళింది. బాబును పంపేయకపోతే తమ పిల్లల్ని మానిపిస్తామని నలుగురు రాశారు, ‘తండా నుంచి వచ్చిన వాళ్ళను చేర్చుకుంటే ఇంతే’ అని ఒకరు రాశారు. ప్రిన్సిపాల్ పిలిచి, ఇదంతా మీ మెతకదనం వల్లే వచ్చిందని, పక్క సెక్షన్‌ను చూసి నేర్చుకోమని అన్నారు. పక్క సెక్షన్ టీచరుకు 26 ఏళ్ళు. ఆమె చేతిలో ఎప్పుడూ చెక్క స్కేలు ఉంటుంది, ఆ గదిలో చడీచప్పుడూ ఉండదు. బాబు తండ్రి అయితే, ‘కొట్టండి మేడం, మేమేమీ అనుకోం’ అన్నాడు.

ఆ తరువాత వచ్చిన ఒక మధ్యాహ్నం గురించి ఆమె మూడు పేజీలు రాశారు. అన్నాలైన వేళ, ఆయమ్మ సెలవులో ఉంది. బాబు మరొక పిల్లవాడి భుజం కొరికాడు. ఆమె వాడి రెక్క గట్టిగా పట్టుకుని మూలకు లాక్కుపోయి, ‘నోరు మూయ్’ అని అరిచారు. బాబు నిక్కరు తడిసిపోయింది. వాడు ఏడవకుండా ఆమె ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు. చేతి మీద వేళ్ళ గుర్తులు సాయంత్రానికి పోయాయి. ఆమె ఎవరికీ చెప్పలేదు. మరునాటి నుంచి వాడు గుమ్మం దగ్గర ఆమెను తప్పించుకుని లోపలికి పోతున్నాడు. ఆమెకు నిద్ర పట్టడం లేదు.

ఆమె అడుగుతున్నవి: ఇన్నేళ్ళూ నేను నమ్మిన పద్ధతే తప్పా? జరిగినది ఆ తల్లికి చెప్పాలా? ఓర్పు అయిపోయిన మనిషి పిల్లల మధ్య ఉండవచ్చా, ఉద్యోగం మానేయాలా?

*

టీచర్ గారూ,

మీ ఉత్తరం చదివి రెండు రోజులు ఆగి రాస్తున్నాను. చిన్న పిల్లల బడిలో దాదాపు ముప్పై ఏళ్ళు గడిపినదాన్ని కాబట్టి, మీరు ఆఖరున రాసిన మధ్యాహ్నం గురించే మొదట మాట్లాడాలనిపించింది. మీ మిగిలిన ప్రశ్నలన్నిటికీ కొస అక్కడే ఉంది.

జరిగినది చిన్న విషయం అని నేను అనను. నాలుగేళ్ళ బిడ్డకు తరగతి గదిలో ఉన్న ఒకే ఒక్క పెద్ద దిక్కు మీరు. ఆ దిక్కు నుంచే భయం వచ్చినప్పుడు బిడ్డ శరీరం ఏంచేస్తుందో మీరు కళ్ళారా చూశారు. వాడు ఏడవకపోవడమే మిమ్మల్ని ఎక్కువగా బాధిస్తోందని రాశారు. అది సరైన బాధ, దాన్ని తొందరగా మాన్పుకోవద్దు. అయితే ఆ ఒక్క నిమిషాన్ని పట్టుకుని 24 ఏళ్ళనూ కొట్టివేయడం కూడా న్యాయం కాదు. ఆ రోజు మీ గదిలో 34 మంది నాలుగేళ్ళ పిల్లలు ఉన్నారు, రెండో మనిషి లేదు, అది పిల్లలకు నిద్ర ముంచుకొచ్చే వేళ. మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలకు 20 మందికి ఒక పెద్ద మనిషైనా ఉండాలని 2013 నాటి జాతీయ శిశు సంరక్షణ, విద్యా విధానమే చెప్పింది. మీకు ఉన్నది అంతకు ఒకటిన్నర రెట్లకు మించిన బరువు. దీన్ని మీకు సాకుగా ఇవ్వడం లేదు. ఆ రోజు తెగిపోయినది మీ మనసు ఒక్కటే కాదని, గది ఏర్పాటు అంతకు ముందే తెగి ఉందని చెబుతున్నాను. దయ మనిషి లోపలి నుంచి వస్తుందన్న మాట నిజమే. కానీ చిన్న పిల్లల గదిలో అది నిలబడాలంటే రెండో జత చేతులు, కాస్త వ్యవధి, కాస్త జాగా కావాలి. ఆ మూడూ లేనిచోట దయగల మనిషే ముందు అలిసిపోతుంది, ఎందుకంటే బెత్తంతో కుదించుకోదగిన పనిని ఆమె పూర్తిగా చేస్తోంది కాబట్టి.

ఇప్పుడు ఆ బాబుతో చేయవలసినది. మీరు వాడికి క్షమాపణ చెప్పాలి. నాలుగేళ్ళ వాడికి ఏం అర్థమవుతుందని చాలామంది అడుగుతారు. వాడికి అర్థమవుతుంది, కాకపోతే మన పొడుగాటి వాక్యాలు అర్థం కావు. వాడు ఆడుకుంటున్నప్పుడు పక్కన, కొంచెం దూరంలో, నేల మీద కూర్చోండి. ‘ఆ రోజు టీచర్ నీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. నొప్పి పుట్టింది. టీచర్ తప్పు చేసింది. ఇక పట్టుకోదు’ అంటే చాలు. దగ్గరకు రమ్మనవద్దు, ముద్దు పెట్టమనవద్దు, ‘టీచర్ మంచిదే కదా’ అని అడగవద్దు. ఆ ప్రశ్న మన ఊరట కోసం అడిగేదవుతుంది. ఆ తరువాత పది పదిహేను రోజులు వాడు దూరంగానే ఉండవచ్చు. గుమ్మం దగ్గర మీరు మామూలుగానే పేరు పెట్టి పిలవండి, చెయ్యి చాపి ఉంచండి, వాడు తప్పించుకుపోతే పోనివ్వండి. ఒకప్పుడు నా బడిలో ఒక పాపను తొందరలో జబ్బ పట్టి లేపితే, అది మూడు వారాలు నా వైపు చూడకుండా ఆయమ్మ కొంగు పట్టుకుని తిరిగింది. నాలుగో వారంలో తన చెప్పు ఊడిపోతే కాలు నా ముందు చాపింది. ఆ మూడు వారాలూ నేను చేసిన పని, ఎదురుచూడడం ఒక్కటే.

తల్లికి చెప్పాలా అన్నది కష్టమైన ప్రశ్న. చెప్పకపోతే ఏమవుతుందో ముందు చూద్దాం. గుర్తులు పోయాయి, ఎవరూ అడగడం లేదు, బహుశా ఎప్పటికీ అడగరు. కానీ బిడ్డ ఇంటి దగ్గర తన భాషలో ముక్కలు ముక్కలుగా చెప్పే ఉండవచ్చు, లేదా రేపు చెప్పవచ్చు. అప్పుడు ఆ తల్లి మీ దగ్గరికి వచ్చేసరికి మీరు దాచిన మనిషిగా నిలబడతారు. చెబితే మరొక రకం కష్టాలు వస్తాయి. ఇప్పటికే మిమ్మల్ని తప్పుపడుతున్న ప్రిన్సిపాల్ దీన్ని మెమోగా మార్చవచ్చు. లేదా తండ్రి ‘అయ్యో, పర్వాలేదు మేడం, ఇంకా రెండు వేయండి’ అనవచ్చు. ఈ రెండోది నాకు ఇంకా ప్రమాదకరంగా కనిపిస్తుంది, ఎందుకంటే అది మీ తప్పును మాఫీ చేస్తూనే బిడ్డకు ఉన్న రక్షణను కూడా తీసేస్తుంది. అయినా చెప్పడమే మంచిదని నా అభిప్రాయం. తల్లిదండ్రులిద్దరినీ కూర్చోబెట్టి మీరే చెప్పండి, అదే రోజు ప్రిన్సిపాల్‌కు కూడా రాసి ఇవ్వండి, ఆయమ్మ లేకుండా 34 మందితో ఒంటరిగా ఉన్న సంగతి అందులోనే రాయండి. తండ్రి ‘కొట్టండి’ అంటే, ‘మీరు అనుమతి ఇచ్చినా నేను కొట్టకూడదు’ అని నెమ్మదిగా చెప్పండి. అది చట్టం ప్రకారం కూడా నిజం. 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. ఆ చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలదే కదా అని కొందరు వాదిస్తారు. కానీ 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలోని 75వ సెక్షన్, తన సంరక్షణలో ఉన్న 18 ఏళ్ళ లోపు ఏ బిడ్డనైనా కొట్టి హింసించడాన్ని నేరంగానే చూస్తుంది. తండ్రి అనుమతి అక్కడ పనికిరాదు.

ఇక బాబు సంగతి. ఎనిమిది పేజీల ఉత్తరంలో ఒక్క వాక్యం దగ్గర నేను ఆగిపోయాను: ‘ఇంట్లో లంబాడీ మాట్లాడతారు.’ మీరు దాన్ని వాడి కుటుంబ పరిచయంగా రాసి ముందుకు వెళ్ళిపోయారు. అసలు విషయం అక్కడే ఉందని నా అనుమానం. వాడి చెవికి మీ బడి ఎలా వినబడుతుందో ఒకసారి ఊహించండి. వరుసలో నిలబడమనీ, సంచి పెట్టమనీ, డబ్బా మూయమనీ ఇంగ్లీషులో చెబుతారు. అర్థం కాని వాళ్ళకు మళ్ళీ తెలుగులో చెబుతారు. వాడికి ఆ రెండూ కొత్తవే. మంచినీళ్ళు కావాలన్నా, బొమ్మ లాక్కున్నారన్నా, కడుపు నొస్తుందన్నా చెప్పడానికి వాడి దగ్గర ఉన్న మాటలు ఆ గదిలో ఒక్కరికీ తెలియవు. కొత్త భాషలో పడిన చిన్న పిల్లలు కొన్ని వారాలు, ఒక్కోసారి నెలల తరబడి మౌనంగా ఉండిపోవడం అందరికీ తెలిసినదే. మౌనంగా కూర్చోలేని స్వభావం ఉన్న పిల్లవాడు చేతులతోనూ పళ్ళతోనూ మాట్లాడతాడు. కోపాన్ని ఆపుకునే శక్తికి ఆధారమైన మెదడు ముందు భాగం పూర్తిగా ఎదగడానికి ఇరవై అయిదేళ్ళ దాకా పడుతుంది. నాలుగేళ్ళ వాడికి ఆ పగ్గం చేతికి ఇంకా రాలేదు. మాట అనే రెండో పగ్గాన్ని మనమే అందకుండా పెట్టాం.

నేను చెప్పేది నిజమో కాదో మీరే తేల్చుకోవచ్చు. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని పది రోజులు రాయండి. ఎన్ని గంటలకు కొరికాడు, దానికి ముందు రెండు నిమిషాల్లో ఏం జరిగింది, పక్కన ఎవరున్నారు, ఆ రోజు ఏం తిన్నాడు, పడుకున్నాడా అన్నవి చాలు. ‘ఊరికే కొరికాడు’ అని మాత్రం రాయవద్దు. నాకు తెలిసినంత వరకూ ఊరికే కొరికే పిల్లలు లేరు, మనం చూడని రెండు నిమిషాలు ఉంటాయి. బహుశా వరుసలో నిలబడే వేళ, అన్నం ముందు, వస్తువులు పంచే వేళ దగ్గరే ఆ కొరకడాలన్నీ వచ్చి చేరతాయి. అలా చేరితే ఆ వేళల్లో వాడిని మీ చేతికి అందేంత దగ్గరలో ఉంచుకోవచ్చు, వరుసకు ముందే వాడికి నీళ్ళ సీసాలు పెట్టే పని అప్పగించవచ్చు. గంట మోగినప్పుడు గేటుకు పరుగెత్తుతున్నాడంటే అది ఇంటికి పోయే గంట అనుకుంటున్నాడేమో, ఎవరూ వాడికి ఏ గంట దేనికో వాడి భాషలో చెప్పలేదేమో అని కూడా చూడండి.

వాడి తల్లిని ఒక అరగంట పిలిపించి పది పదిహేను మాటలు నేర్చుకోండి: నీళ్ళు, ఆకలి, నొప్పి, వద్దు, ఇవ్వు, అమ్మ సాయంత్రం వస్తుంది. లంబాడీకి సొంత లిపి లేదు కాబట్టి తెలుగు అక్షరాల్లోనే రాసుకుంటే సరిపోతుంది. అమ్మను ‘యాడి’ అంటారని మీకు ఇప్పటికే తెలిసి ఉంటుంది. ఏడుస్తున్న బిడ్డ చెవిలో ‘యాడి వస్తుంది’ అని చెప్పి చూడండి, వాడి ముఖం ఎలా మారుతుందో. ఆ మాటలు తరగతిలో అందరికీ నేర్పండి, ఆటగా. అప్పుడు వాడు మాట రాని పిల్లవాడు కాకుండా, మిగిలిన 33 మందికీ ఒక కొత్త భాష నేర్పే పిల్లవాడు అవుతాడు. ఈ వయసులో బోధన ఇంటి భాషలో సాగాలని 2020 జాతీయ విద్యా విధానమూ, దాని వెంట 2022లో వచ్చిన పునాది దశ పాఠ్య ప్రణాళిక చట్రమూ గట్టిగానే చెప్పాయి. మీ యాజమాన్యం దాన్ని రేపే పాటిస్తుందని నేను ఆశపడడం లేదు. పదిహేను మాటలకు మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇక్కడ తారాబాయి మోడక్ గుర్తుకు వస్తున్నారు. గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో బాల విద్యావేత్త గిజుభాయి బధేకాతో కలిసి పనిచేసి, ఆ తరువాత మహారాష్ట్ర తీరాన బోర్డీలోనూ, కోస్బాడ్ కొండ మీద వార్లీ గిరిజన పిల్లల మధ్యా బాలవాడీలు, అంటే చిన్న పిల్లల బడులు నడిపిన మనిషి. పిల్లలు బడికి రాకపోతే ఆమె బడినే వాళ్ళ ఇళ్ళ ముంగిట్లోకి తీసుకువెళ్ళారు. పశువులు కాసే పిల్లల కోసం పచ్చిక బయలులో బడి పెట్టారు. ఈ రోజు మనం వాడే ‘అంగన్‌వాడీ’ అన్న మాటలో ఉన్నది ఆ ముంగిలే. బిడ్డ బడికి సరిపోలేదని ఆమె అనుకోలేదు. మీరు పొద్దున గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చుంటున్నది కూడా అదే దారి అని నేను నమ్ముతున్నాను; ఈ బాబు విషయంలో ఇంకొక్క అడుగు మిగిలిపోయింది, అంతే.

భాష ఒక్కటే కారణమని కూడా తీర్మానించుకోవద్దు. వాడికి తరచూ జలుబు, చెవి కారడం ఉంటే చెవి లోపల నీరు చేరి వినికిడి తగ్గి ఉండవచ్చు. వెనక నుంచి చిన్నగా పిలిచి చూడండి. వినికిడి పరీక్ష చేయించమని తల్లికి చెప్పండి. ఇంట్లో, సొంత భాషలో కూడా మాటలు తక్కువగా ఉన్నా, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, కావలసినది వేలితో చూపించకపోయినా, వచ్చిన మాటలు పోయినా, జిల్లా ఆసుపత్రికి అనుబంధంగా ఉండే పిల్లల సత్వర చికిత్స కేంద్రానికి, అంటే డీఈఐసీకి తీసుకువెళ్ళడం మంచిది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో, మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థలోనూ (ఎన్‌ఐఈపీఐడీ) ఎదుగుదల పరీక్షలు చేస్తారు. ఇది చెప్పేటప్పుడు ‘మీ వాడిలో లోపం ఉంది’ అనే మాట రానివ్వవద్దు. ఆ కుటుంబం తమ శక్తికి మించి ఫీజు కట్టి బిడ్డను మీ దగ్గరికి పంపింది. పరీక్షకు పంపడం బడి నుంచి పంపేయడానికి మొదటి మెట్టని వాళ్ళు భయపడతారు; అలా కాదని ముందే మాట ఇవ్వండి.

కొరికినప్పుడు ఏం చేయాలన్నది మీకు తెలియనిది కాదు, కానీ అలిసిన రోజుల్లో వరుస తప్పుతుంది కాబట్టి రాస్తున్నాను. ముందు దెబ్బ తిన్న బిడ్డ దగ్గరికి వెళ్ళండి. సబ్బుతో కడిగి, చర్మం తెగితే అదే రోజు డాక్టరుకు చూపించాలి. బాబును పక్కనే నిలబెట్టుకుని, ‘కొరకకూడదు, నొప్పి’ అని ఒకే మాట, గట్టిగా, అరవకుండా చెప్పండి. తరువాత వాడు అనవలసిన మాటను వాడి నోటికి అందించండి: ‘ఇవ్వు’ అను, ‘వద్దు’ అను. మూలకు పంపవద్దు. మూల వాడికి ఏ మాటా నేర్పదు.

మెతకదనం అన్న నింద గురించి. దయగా ఉండడమంటే ఏదైనా చేయనివ్వడం అని మీ ప్రిన్సిపాల్ అనుకుంటున్నారు. నా అనుమానం, కొన్ని రోజుల్లో మీరూ అలాగే చేశారేమో అని. ఉత్తరంలో ఒకచోట, ‘వాడు పరుగెత్తితే పోనిచ్చి వెనక వెళ్ళేదాన్ని’ అని రాశారు. గేటు అవతల రోడ్డు ఉన్నప్పుడు పోనివ్వకూడదు. ఒడుపుగా నడుము చుట్టూ చెయ్యి వేసి ఆపాలి. గీత గీయడం క్రూరత్వం కాదు, పిల్లలకు గీత కావాలి. గీత దాటినప్పుడు మనం ఏం చేస్తామన్నదే తేడా. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అని మనవాళ్ళు అంటే నేను వాదించను. మొక్కకు కర్ర పాతి, తాడు వదులుగా కట్టి, ఎండ వైపు తిప్పి వంచిన చేతులు నాకు తెలుసు. విరిచిన మొక్క మానే కాదు.

పక్క సెక్షన్ నిశ్శబ్దంతో మీ గదిని పోల్చుకోవద్దు. నాలుగేళ్ళ పిల్లలు ముప్పై మంది ఉన్న గదిలో చడీచప్పుడూ లేదంటే అక్కడ మాటలు పుట్టడం ఆగిపోయిందని అర్థం. ఈ వయసులో పరీక్షలు, నోటితోనైనా రాతతోనైనా, పెట్టకూడదని ఎన్‌సీఈఆర్‌టీ ప్రీస్కూల్ పాఠ్య ప్రణాళికలోనే ఉంది. పిల్లలు నేర్చుకునేది మాట్లాడి, పట్టుకుని, పారేసి, మళ్ళీ తీసుకుని. ఆ 26 ఏళ్ళ అమ్మాయి గురించి మాత్రం కొంచెం ఆలోచించండి. ఆమెకు ఎవరైనా ఇంకో పద్ధతి చూపించారా? మీ ఉత్తరంలో ఆమెను గురించి ఉన్న వాక్యాలన్నీ దూరం నుంచి రాసినవి. మీకు రెండు దారులున్నాయి. ఆమె స్కేలు పిల్లల మీద పడుతోందని మీరు కళ్ళారా చూస్తే రాతపూర్వకంగా ప్రిన్సిపాల్‌కు తెలపాలి, అందులో మొహమాటం పనికిరాదు. అయితే మీ మధ్యాహ్నం సంగతి దాచి ఆమె మీద రాస్తే ఆ కాగితానికి విలువ ఉండదు. స్కేలు చేతిలో మాత్రమే ఉంటే, రోజూ ఒక పదిహేను నిమిషాలు రెండు సెక్షన్లనూ కలిపి కథ చెబుదామని ఆమెను పిలవండి. మీరు చెప్పండి, ఆమె పిల్లల మధ్య కూర్చుంటుంది; మరునాడు ఆమె చెబుతుంది. పాఠం చెప్పినట్టు చెబితే ఆమె మనసు మూసుకుంటుంది. మీ ఓర్పు తప్పిన రోజు గురించి ఆమెకు చెప్పగలిగితే ఇంకా మంచిది.

గ్రూపులో మీరు ఏమీ రాయకండి. పాప తల్లిని విడిగా కలిసి, గాయం మీ కళ్ళ ముందే జరిగిందని, బాధ్యత మీదేనని, ఇకముందు ఏ వేళల్లో ఏ ఏర్పాటు చేస్తున్నారో చెప్పండి. బాబు ఇంటి సంగతులు ఆమెకు చెప్పనక్కర్లేదు. తండా గురించి వచ్చిన మాటకు మాత్రం బడి తరఫున జవాబు వెళ్ళాలి, అది ప్రిన్సిపాల్ పని. ఆ మాట చదివిన వాళ్ళలో ఆ బాబు తండ్రి కూడా ఉన్నాడు. ఆయన ‘కొట్టండి’ అన్నది ఆ తరువాతేనా? అయితే అది కోపం కాదు, బిడ్డ సీటు నిలబెట్టుకోవడానికి ఆయన చెల్లిస్తున్న వెల.

ప్రిన్సిపాల్‌ను ఒకే ఒక్కటి అడగండి: అన్నం వేళ నుంచి ఇళ్ళకు పోయేవరకు మీ గదికి రెండో మనిషి. జీతం పెంచమని, సెక్షన్ విడగొట్టమని ఒకేసారి అడిగితే మూడూ పోతాయి. పది రోజుల నోట్‌బుక్ చేతిలో ఉంటే మీ మాటకు బలం ఉంటుంది. కాదంటే అప్పుడు మీరు చేయగలిగినవి తక్కువే: మధ్యాహ్నపు కార్యక్రమం తగ్గించి అందరినీ పడుకోబెట్టడం, లేదా అమ్మమ్మలు, నానమ్మలను రోజుకొకరిని కథ చెప్పడానికి రప్పించమని అనుమతి అడగడం. బాబు నానమ్మ వచ్చి లంబాడీలో ఒక కథ చెబితే, గ్రూపులోని ఆ వాక్యానికి పిల్లల వైపు నుంచి జవాబు కూడా వెళుతుంది.

ఉద్యోగం మానడం గురించి ఈ నెలలో నిర్ణయించుకోవద్దు. ఇప్పుడు మానితే ఆ బాబుకు మిగిలే జ్ఞాపకం ఆ మధ్యాహ్నం ఒక్కటే, మీకూ అంతే. మార్చి దాకా ఉండి, సెలవుల్లో ఆలోచించండి. అప్పటికీ పొద్దున గుమ్మం దగ్గరికి కాళ్ళు రాకపోతే, నిద్ర పట్టకపోతే, మానడంలో సిగ్గేమీ లేదు. ఇంటి ఖర్చు ఎలా గడుస్తుందో ముందే లెక్క చూసుకోండి, ఎందుకంటే ప్రైవేటు బడిలో 24 ఏళ్ళు చేసినా చేతికి వచ్చేది ఎంతో మన ఇద్దరికీ తెలుసు. తక్కువ మంది పిల్లలున్న బడికి మారడం మరొక దారి. అక్కడ జీతం తగ్గవచ్చు, ఊపిరి ఆడుతుంది. కొత్తగా చేరే టీచర్లను తయారుచేసే పని ఇంకొకటి. మీకు అది బాగా సరిపోతుంది, కానీ పిల్లల వాసన లేని రోజులు మీకు ఎలా ఉంటాయో నేను చెప్పలేను. నిద్ర పట్టకపోవడం ఇంకో రెండు మూడు వారాలు సాగితే మాత్రం, ఉద్యోగంతో సంబంధం లేకుండా, డాక్టరును కలవండి. అది ఆగే పని కాదు.

ఓర్పు అయిపోయిన మనిషి పిల్లల మధ్య ఉండవచ్చా అని అడిగారు. ఓర్పు అయిపోయిన మనిషి బిడ్డ నిక్కరు తడిసిన సంగతిని మూడు పేజీలు రాయదు. రేపు గుమ్మం దగ్గర కూర్చునేటప్పుడు వాడు వచ్చే వైపు కొంచెం చోటు వదిలి కూర్చోండి, తప్పించుకుపోవడానికి వాడికి దారి ఉండాలి. నోట్‌బుక్‌లో పది రోజులు నిండాక, ఏ వేళ దగ్గర అన్నీ చేరాయో నాకు రాయండి. వినికిడి పరీక్ష సంగతి కూడా.